మానసికం కాని చీటీలు

జూలై 6

బుల్లీ,

తరగతిలో ఒక పిల్ల ఏడుస్తుంటే నేను లేచి దగ్గరికి వెళ్ళేది ఆ పిల్ల కోసమా, పాఠం ఆగిపోయిందన్న విసుగుతోనా? ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఎవరినీ అడగలేదు. అడిగితే "నువ్వు మంచి టీచరువి" అంటారు. ఆ జవాబు నాకు అక్కర్లేదు. నువ్వు ఆసుపత్రిలో కూర్చుని రోజుకు పదిమంది గోడు వింటావు. పైగా ఆడపడుచువి, నన్ను పొగిడే అలవాటు ఎలాగూ లేదు. అందుకే నీకు రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు కౌన్సెలరువి, "ఊఁ, ఇంకా?" అంటావు. ఉత్తరంలో అయితే బుల్లివి.

సంగతేమిటంటే, మా బడికి ఇన్నాళ్ళకు మనసొచ్చింది. పిల్లల, టీచర్ల మానసిక ఆరోగ్యం చూసుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. ఆగస్టులో తనిఖీ. మా ప్రధానోపాధ్యాయురాలు, మేం పెద్ద మేడం అంటాం, నన్ను పిలిచి "మనోక్షేమ సమన్వయకర్త"ను చేసేసింది. నేనే ఎందుకండీ అంటే, "మీ ఇంట్లో ఆ లైనులో ఒకరున్నారుగా" అంది. అంటే ఇదంతా నీ పుణ్యమే.

విరిగిన బెంచీలు పడేసే కొట్టుగది ఒకటుండేది. దాన్ని ఖాళీ చేసి, నీలం రంగేసి, మబ్బులు గీసి, తలుపు మీద "ప్రశాంతి గది" అని రాశారు. ఎలుకల వాసన పోలేదు, దాని మీద రంగు వాసన వచ్చి కూర్చుంది. వారం తిరక్కుండానే చెమ్మ పైకొచ్చి మబ్బులన్నీ చంకలో చెమట మరకల్లా పసుపుగా తేలాయి. టీచర్లకేమో ఒక ఫారం. మీ ఆనందం ఒకటి నుంచి పది దాకా ఎంత? కింద పేరు, సంతకం. ఏడుకి తక్కువ వేస్తే సంజాయిషీ జతచేయాలి. అందరం ఎనిమిదేశాం. రెండో తరగతికి చెప్పే చిన్న టీచరు తొమ్మిదేసింది. "చూసి నేర్చుకోండి" అని పెద్ద మేడం మీటింగులో ఆమెను లేపి నిలబెట్టింది. పాపం ఆ అమ్మాయి నవ్వుతూ నిలబడింది.

ఇక పిల్లలకు పెట్టె. వరండాలో ఇనప పెట్టె, దానికో తాళం, పైన "నీ మనసు మాట". పేరు రాయనక్కర్లేదు. నిన్న తెరిచాం, నేనూ పెద్ద మేడమూ. సగం కొరికిన బిస్కెట్టు, నమిలి ఉమ్మిన బబుల్‌గమ్, దానికి అంటుకుని చీమలు, పెన్సిలు చెక్కుళ్ళు. వాటి మధ్య చీటీలు. మేడం ముక్కు మూసుకుని రెండు వేళ్ళతో ఒక్కొక్కటీ తీసి రెండు కుప్పలు పోసింది. "అమ్మాయిల బాత్రూం తలుపుకి గడియ లేదు, ఒకరు కాపలా ఉంటేనే వెళ్తాం." ఇది మానసికం కాదు, అటు. "తప్పు చెబితే సైన్సు సారు నా పేరు మార్చి పిలుస్తారు, అందరూ నవ్వుతారు." ఇదీ మానసికం కాదు, అటు. "నీళ్ళ ట్యాంకులో పురుగులు." అటు. ఇరవై ఏడు చీటీలు అటే వెళ్ళి బుట్టలో పడ్డాయి. నేను చూస్తూ కూర్చున్నాను.

ఇటువైపు ఒక్కటే మిగిలింది. "పొద్దున్నే లేవాలంటే భయంగా ఉంది. బాగున్నాను అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. నేను రాకపోయినా ఎవరికీ తేడా తెలియదు."

మేడం మొహం వెలిగిపోయింది బుల్లీ! నిజంగా వెలిగింది. తనిఖీకి చూపించడానికి ఒకటి దొరికిందిగా. "ఇరవై ఏళ్ళుగా కాపీలు దిద్దుతున్నావు, చేతిరాత చూసి ఎవరిదో చెప్పలేవూ?" అంది. ఆలోచించుకుంటానన్నాను. ఏం చేయమంటావు?

మీ అన్నయ్య కులాసాగానే ఉన్నారు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నారు.

నీ వదిన


జూలై 11

వదినా,

మూడే ముక్కలు రాస్తాను, వార్డులో ఇద్దరు కొత్తవాళ్ళున్నారు.

ఒకటి, ఆ చీటీని తేలిగ్గా తీసుకోకు. "నేను రాకపోయినా" అన్న మాట నాకు నచ్చలేదు. రాసినవాళ్ళను తొందరగా చేరుకోవాలి. వారాలు గడపకు.

రెండు, మీ మేడం బుట్టలో వేసిందే, ఆ ఇరవై ఏడూ ఏరి దాచు. గడియ లేని బాత్రూం మానసికం కాదట! రోజంతా బిగబట్టుకుని కూర్చున్న పిల్లను అడిగితే చెబుతుంది అదేమిటో.

మూడు, నీ ఇరవై ఏళ్ళ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఎందుకు వెళ్ళావన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు వెళ్ళు.

అన్నయ్య కళ్ళజోడుకి తాడు కట్టు, మెడలో వేసుకుంటాడు.

తొందరలో,
బుల్లి


జూలై 19

బుల్లీ,

నువ్వు చెప్పినట్టే తొందరగా చేరుకున్నాను. ఇప్పుడు అన్నం సయించడం లేదు.

పెద్ద మేడం గదిలో బల్ల మీద ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి నోటుపుస్తకాలన్నీ పేర్చారు. నేను కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నాను. ఒప్పుకోవాలి, గర్వంగానే కూర్చున్నాను. ఈ బడిలో ఏ అక్షరం ఎవరిదో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చీటీలో అక్షరాలు కుడివైపుకి వాలి ఉన్నాయి, తలకట్లు గొడుగుల్లా పెద్దవి, వాక్యం నడిచేకొద్దీ గీత దాటి పైకి ఎక్కుతోంది. అరగంటలో పట్టేశాను. ఎనిమిదో తరగతిలో అందరూ పిచ్చుక అని పిలిచే ఒక పిల్ల. సన్నగా ఉంటుంది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. చూశావా, మాట్లాడదు కూడా అనుకున్నాను. అన్నీ అతికినట్టు సరిపోయాయి.

చాటుగా పిలిచి మాట్లాడతానన్నాను. "నీకెందుకు, పద్ధతి ఉంది" అంది మేడం. ఆ పద్ధతేమిటో తెలుసా? మైకులో పేరు పిలిచారు. "ఎనిమిదో తరగతి ఫలానా అమ్మాయి ప్రశాంతి గదికి రావలెను." బడి మొత్తం విన్నది. ఆ పిల్ల వరండా పొడుగునా నడుచుకుంటూ వస్తుంటే ప్రతి కిటికీలోనూ తలకాయలే.

"ఇది నువ్వే రాశావు కదమ్మా?"

"నేను రాయలేదండీ."

"భయపడకు, ఎవరూ ఏమీ అనరు."

"నేను రాయలేదండీ."

పెద్ద మేడం నావైపు తిరిగి నెమ్మదిగా, పిల్లకు వినబడేట్టుగానే, "కాదనడమే లక్షణం. ట్రైనింగులో చెప్పారు" అంది.

వాళ్ళమ్మను పిలిపించారు. టైలరింగు షాపులో పనిచేస్తుంది, మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చింది. చీటీ చదివి, అందరి ముందూ కూతురి చెంప పగలగొట్టి, వెంటనే దాన్ని కౌగిలించుకుని ఏడ్చింది. పెద్ద మేడం ఫోన్ తీసి ఫోటో తీసింది. తల్లీకూతుళ్ళ కౌగిలి, నివేదికలో పెట్టడానికి. చెంపదెబ్బ మాత్రం ఫోటోలో పడలేదు. బాత్రూంకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

ఇప్పుడా పిల్ల రోజుకు రెండు పీరియడ్లు ఆ మబ్బుల గదిలో కూర్చుంటుంది. తలుపు తీసే ఉంచుతారు. ఆయా ఒకావిడ స్టూలు వేసుకుని కాపలా. బాత్రూంకి వెళ్ళినా ఆయా వెంట వెళుతుంది. పక్క బెంచీ పిల్ల తల్లిదండ్రులు వచ్చి బెంచీ మార్పించుకున్నారు.

నువ్వే అన్నావుగా తొందరగా చేరుకోమని? మంచే జరిగిందని ఒక్క మాట రాయి. నాకోసం రాయి.

వదిన


జూలై 25

వదినా,

రాయను. చేరుకో అన్నాను, పట్టుకో అనలేదు. తరగతి తరగతికీ వెళ్ళి "ఈ చీటీ రాసినవాళ్ళెవరైనా సరే, నేను ఫలానా చోట కూర్చుంటాను, రావచ్చు" అని చెప్పమని నా ఉద్దేశం. విడమరిచి రాయకపోవడం నా తప్పు. నువ్వు మనిషివి కదా, అర్థం చేసుకుంటావనుకున్నాను. పేరు అక్కర్లేదని చెప్పి పెట్టె పెట్టి, పుస్తకాలు పేర్చుకుని పేరు వెతికారా? దొంగనోట్ల కేసనుకున్నారా? నీ ఉత్తరం చదివి నాకూ రోత పుట్టింది. ఎక్కువగా మీ మేడం మీద, కొంచెం నీమీద కూడా. దాచుకుంటే అబద్ధం అవుతుంది.

కోపం తగ్గాక చీటీ మాటలు మళ్ళీ చదివాను. నాలుగైదుసార్లు చదివాను. "బాగున్నాను అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది." వదినా, పదమూడేళ్ళ పిల్లని రోజుకెంతమంది అడుగుతారు, బాగున్నావా అని? అది పెద్దవాళ్ళ అలసట. నా దగ్గరికొచ్చే వాళ్ళలో నలభై దాటినవాళ్ళు ఇలా మాట్లాడతారు.

ఒకటి అడుగుతాను, తిట్టుకుంటే తిట్టుకో. అది నువ్వు రాసుకున్నదా? నీ చేత్తో రాసి, నీ పెట్టెలో వేసి, నాకు చూపించడానికి ఈ దారి పట్టావా? మొదటి ఉత్తరంలో ఆ ప్రశ్న అడిగినప్పుడే నాకు అనుమానం రావలసింది. నిజమైతే సిగ్గుపడకు. అన్నయ్యకు ఫోన్ చేసి నిన్ను కనిపెట్టుకుని ఉండమన్నాను.

బుల్లి


ఆగస్టు 1

అమ్మా మహాతల్లీ,

నువ్వు ఫోన్ చేసిన పూట నుంచి మీ అన్నయ్య మనిషి కాదు, ఆయా. కూరగాయలు తరగడానికి చాకు వెతికితే లేదు. అన్నీ తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. వారం రోజులుగా అన్నీ చేత్తో తుంచి వండుతున్నాను. తలనొప్పి మాత్ర అడిగితే ఒకటి ఇచ్చి, మింగానా లేదా అని నాలుక చాపమన్నారు. మెట్లు దిగితే వెనక, మేడెక్కితే వెనక. "ఎలా ఉన్నావు?" అని ఒక్క ఆదివారమే పదకొండుసార్లు. "బాగానే ఉన్నానండీ" అంటే, "బాగున్నవాళ్ళు అలా అనరు" అని గొణుగుతారు. ఆ మాట నువ్వే నేర్పి ఉంటావు.

నేను రాయలేదు బుల్లీ. నేను రాయలేదు, రాయలేదు అని మూడు రోజులు అరిచాను. నాలుగో రోజు నా గొంతు నాకే వినబడింది. ఆ పిల్ల కూడా అచ్చంగా ఇదే మాట, ఇదే చోట ఆగి ఆగి అంటోంది.

నీ అనుమానం తప్పే, కానీ సగం తప్పు. పెద్దవాళ్ళ అలసట అన్నావే, అది నన్ను పట్టుకుంది. ఆ పిల్ల రాయలేదు, రాసింది పెద్దవాళ్ళు. మరి ఆ వాలు, ఆ గొడుగు తలకట్లు, పైకెక్కే గీత?

మంగళవారం మధ్యాహ్నం రెండో తరగతి గది ముందు నుంచి వెళుతున్నాను. పిల్లలందరూ తలలు వంచుకుని రాస్తున్నారు. బోర్డు మీద సుద్దముక్కతో నాలుగు వాక్యాలు. కుడివైపుకి వాలిన అక్షరాలు, గొడుగుల్లాంటి తలకట్లు, నాలుగో వాక్యం చివరికొచ్చేసరికి బోర్డు అంచు దాకా ఎక్కిపోయింది. అక్కడే నిలబడిపోయాను. పిచ్చుక రెండో తరగతి చదివింది ఆ గదిలోనే, ఈ చిన్న టీచరు దగ్గరే. పిల్లలు అక్షరాలు పుస్తకం చూసి నేర్చుకోరు, మొదట ప్రేమించిన టీచరు చెయ్యి చూసి నేర్చుకుంటారు. ఇరవై ఏళ్ళుగా కాపీలు దిద్దుతున్నదాన్ని, ఆ ఒక్క ముక్క నాకు తట్టలేదు.

బడి వదిలాక వెనక మెట్ల దగ్గర ఆమెను పట్టుకున్నాను. కాదు, చేరుకున్నాను. చీటీ గురించి ఎత్తనే లేదు, పక్కన కూర్చున్నానంతే. కాసేపటికి తనే అంది.

"మీకు తెలిసిపోయింది కదండీ."

"పిల్లల పెట్టెలో ఎందుకు వేశావమ్మా?"

"ఫారంలో పేరు రాయాలి కదండీ. పెట్టెకి పేరు అక్కర్లేదు."

"తొమ్మిదేశావుగా!"

"ఎనిమిదేస్తే ఇంకొంచెం నవ్వమంటారేమో అనిపించిందండీ" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. రోజూ బడి గేటు దగ్గర బస్సు దిగి, ఎదురు రోడ్డు మీద పావుగంట నిలబడి, వెనక్కి పోదామా లోపలికి పోదామా అనుకుంటుందట. అరవై రెండుమంది పిల్లలు ఒకే గదిలో. మధ్యాహ్నం తిండి తినే టైములో తనిఖీకి బొమ్మలు అంటించాలి. గొంతు పోయి నెలైంది. ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు, పక్క గదిలోనే ఉన్నాను.

పిచ్చుక విషయం తెలిసినప్పటి నుంచి నిద్రపోవడం లేదట. "రేపే వెళ్ళి మేడంకి చెప్పేస్తానండీ. నా వల్ల ఆ పిల్ల..." అంది. నేను ఆపాను. ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం, వచ్చే నెలలోనే కాగితం రావాలి. చిన్నపిల్లల దగ్గర ఇలాంటి మనిషిని ఉంచలేం అని మేడం తియ్యగా చెప్పి పంపించేస్తుంది. ముందు నిన్ను కలవనీ, తర్వాత చూద్దామన్నాను. శనివారం పంపిస్తాను, చూడు.

చాకులు ఇప్పించు తల్లీ.

వదిన


ఆగస్టు 7

వదినా,

చాకులు ఇమ్మని చెప్పాను. "నువ్వు ఖాయంగా చెప్తున్నావా?" అని మూడుసార్లు అడిగాడు. నామీద కోపం ఉంచుకో, న్యాయమే. నేను కూడా చేతిరాత లేకుండానే నిన్ను పట్టేశాను కదా.

మీ చిన్న టీచరు వచ్చింది. రెండు గంటలు మాట్లాడింది, అందులో గంట ఏడుపే. డాక్టరుగారికి కూడా చూపించాను. ప్రతి శనివారం రమ్మన్నాం. ఇంతకు మించి చెప్పను, ఆమె మాటలు ఆమెవి. మనిషి నిలదొక్కుకుంటుంది, ఆలస్యం కాలేదు.

కానీ వదినా, ఆమెను ఆపినప్పుడు ఆ మబ్బుల గదిలో ఎవరు కూర్చుని ఉన్నారో గుర్తుందా? ఒకరికి నీడ ఇవ్వడానికి ఇంకొకరిని ఎండలో వదిలేశావు. ఆమె ఉద్యోగం కోసమే ఆపావా, నీ తప్పు బయటపడుతుందనా? నేను జవాబు అడగడం లేదు, నువ్వు అడుక్కో.

బుల్లి


ఆగస్టు 22

బుల్లీ,

పదిహేను రోజులు రాయలేదు. రాస్తే నువ్వు అడిగినదానికి జవాబు చెప్పాల్సి వస్తుందని రాయలేదు.

ముందు జరిగింది చెబుతాను. నీ ఉత్తరం అందిన మర్నాడే పెద్ద మేడం దగ్గరికి వెళ్ళి, "చేతిరాత తప్పు పోల్చానండీ, అది ఆ పిల్లది కాదు" అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టలేదు.

"మరెవరిది?"

"తెలియదండీ."

"నివేదిక పైకి వెళ్ళిపోయింది. ఇప్పుడు కాదంటే బడి పరువేం కాను? అయినా రాసినా రాయకపోయినా ఆ పిల్లకు మంచేగా జరుగుతోంది. ఏసీ లేదనే కానీ గదికేం తక్కువ?"

తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ కుట్టుమిషను ఆపి నా మాట మొత్తం విన్నది. "మీరు మంచివారండీ, మా పిల్ల మనసు కష్టపెట్టకూడదని ఇలా చెబుతున్నారు" అని నా చేతులు పట్టుకుంది. నా తప్పు నేను ఒప్పుకుంటే అది కూడా నా మంచితనం ఖాతాలోనే పడింది. ఇంతకంటే రోత ఏముంటుంది? పిచ్చుక గుమ్మంలో నిలబడి ఉంది. అది మాత్రం నన్ను నమ్మింది. నమ్మింది కాబట్టే అడిగింది, "అయితే ఎవరు రాశారండీ?" అని. దానికీ తెలియదనే చెప్పాను. పిల్లలు అబద్ధాన్ని వాసన పట్టేస్తారు. లోపలికి వెళ్ళిపోయింది.

పోయిన గురువారం తనిఖీ అయింది. ముగ్గురొచ్చారు. ప్రశాంతి గదిలో కొత్త మబ్బులు వేయించారు, తడి ఆరకముందే. పిచ్చుకను మధ్యలో కూర్చోబెట్టి "సకాలంలో గుర్తించిన కేసు" అని చూపించారు. వాళ్ళలో ఒకాయన దాని గడ్డం పట్టుకుని "ఇప్పుడు ఎలా ఉన్నావు తల్లీ?" అని అడిగాడు. అది చెప్పింది, "బాగున్నానండీ." అందరూ చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. చేతిరాత చూసి మనసు చదవగల ఉపాధ్యాయురాలట! ఆ శాలువా ఇంటికి తేలేకపోయాను, స్టాఫ్‌రూంలో కుర్చీ మీదే పడేసి వచ్చాను. తాకితే అరచేతులకు జిగురు అంటినట్టు అనిపించింది.

మర్నాడు పెట్టె తెరిచాం. ఈసారి తొమ్మిది చీటీలే. ఏడు ఒకే చేతివి. "నేను రాయలేదు." "నేను రాయలేదు." అన్నిటిలోనూ అదే. ఈసారి నేను చేతిరాత చూడనవసరం లేదు, ఏడింటి కిందా పిల్ల తన పూర్తి పేరు రాసి, తరగతి, రోల్ నంబరు వేసింది. పెద్ద మేడం ఏడింటినీ చదివి, జాగ్రత్తగా దొంతర పేర్చి, మానసికం అన్న వైపు పెట్టింది.

నేను ఆ ఏడూ తీసుకుని బయటికి వచ్చేశాను. సమన్వయకర్త పని నావల్ల కాదని కాగితం రాసిచ్చాను. అది కూడా సులువైన పనే, గొప్పగా చెప్పుకోను.

ఇక నువ్వు అడిగింది. చిన్న టీచర్ని ఆపింది ఆమె కోసమేనని మొదట అనుకున్నాను. అది నిజం. ఆమె బయటపడితే నా ఇరవై ఏళ్ళ కన్ను, నా పేరు రెండూ నవ్వులపాలవుతాయని కూడా అనుకున్నాను. అదీ నిజం. రెండింటిలో ఏది ముందు పుట్టిందో ఎంత వెతికినా దొరకలేదు.

నిన్న సాయంత్రం ఆమెకు ఆ ఏడు చీటీలు చూపించాను. చూపించి ఉండకూడదేమో, అదీ తెలియదు. ఒక్కొక్కటీ వేలితో తడుముతూ చదివింది. "అచ్చం నాలాగే రాస్తుందండీ" అంది. ఇప్పుడు గొంతు కొంచెం వచ్చింది, అన్నం తింటోంది, ఎదురు రోడ్డు మీద నిలబడకుండా తిన్నగా లోపలికి వస్తోంది. అంటే పోగొట్టుకోవడానికి ఇప్పుడామె దగ్గర ఏదో ఉంది. "సోమవారం పొద్దున్న ప్రార్థన అవగానే మేడం గదికి వెళతానండీ. మీరు వెళ్ళమంటే వెళతాను, వద్దంటే ఆగుతాను. మీ మాటే" అంది.

నువ్వయితే ఆమెనే తేల్చుకోనివ్వమంటావు. తేల్చుకోమంటే ఆమె నా మొహం చూస్తోంది బుల్లీ. వెళ్ళమంటే పిచ్చుక తలెత్తుకుని తన బెంచీకి వస్తుంది, ఈ అమ్మాయి వీధిన పడుతుంది. ఇప్పుడిప్పుడే లేచి నిలబడ్డ మనిషి మళ్ళీ లేస్తుందని నువ్వు కూడా హామీ ఇవ్వలేవు. వద్దంటే ఈమె పిల్లలకు ఈమె మిగులుతుంది, ఆ పిల్ల చీటీలు రాస్తూనే ఉంటుంది. ఎన్నాళ్ళు రాస్తుందో, ఒకరోజు ఎందుకు మానేస్తుందో తలుచుకోలేకపోతున్నాను.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి సోమవారం అయిపోతుంది. నువ్వు సలహా చెప్పే వీల్లేకుండా కావాలనే ఇవాళ పోస్టు చేస్తున్నానేమో. ఆమె వచ్చి మేడం గది ముందు నిలబడినప్పుడు వెళ్ళు అంటానో, వద్దు అంటానో నాకు తెలియదు. నిజంగా తెలియదు.

వదిన